తువ్వాలు కింద ధర

అరండల్‌పేట నాలుగో లైన్లో, మెట్ల కింద కొట్టు.
పైన టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెలిసిపోయింది గానీ ఊడిపోలేదు.
బండి ఆగకముందే దిగింది మీరాబీ
లెక్కల నోటుబుక్కు చంకలో పెట్టుకుని.
మూడు నెలలుగా వెనక పేజీల్లో రాసుకుంటోంది
ఏది ఎంతో, ఎక్కడ ఎంతో, కొట్టేసి మళ్లీ ఎంతో.

మిర్చియార్డులో కాటా గుమస్తాని నేను.
పద్దెనిమిదేళ్లుగా కాయని చూసి చెప్పగలను
ఇది ఏ నేలదో, ఎన్నాళ్లు ఆరిందో,
రాత్రి దీని మీద ఎవరైనా నీళ్లు చల్లారో లేదో.
ఇక్కడ మాత్రం
అద్దాల డబ్బాలో రంగులు తిరిగే ఫ్యాన్ల ముందు
మొదటిసారి యార్డుకొచ్చిన రైతులా నిలబడ్డాను.

"గేమింగ్‌కైతే అరవై రెండవుద్దండీ" అన్నాడు కొట్టతను.
నా జేబులో ముప్పై ఎనిమిది.
అందులో పన్నెండు, వాళ్లమ్మ నష్టానికి పాడిన చీటీ.
నాలుగు వందలు మీరాబీవే, రంజాన్ ఈదీ,
అన్నీ పదుల కాగితాలు.

అతను చెప్పుకుపోతున్నాడు. ప్రాసెసరు, ర్యాము, గ్రాఫిక్స్ కార్డు.
కార్డులకి పేర్లుండవట, నంబర్లేనట.
అది విన్నాక కాస్త ఊపిరాడింది.
మా కాయలకీ నంబర్లేగా,
మూడు ముప్పై నాలుగు, మూడు నలభై ఒకటి.
ఒక్క అంకె మారితే క్వింటాకి రెండు వేలు తేడా.

"సెకండ్‌హ్యాండ్ కార్డు ఒకటుంది, కొత్తదే అనుకోండి,
ఇంట్లో వాడింది."
ఈ మాట నాకు తెలుసు.
"నిన్న కళ్లంలోంచి ఎత్తిందే" అనే మాటకి సొంత తమ్ముడు.
బస్తా మూతి దగ్గర ఎర్రగా నిగనిగలాడుతుంది,
మోచేతి దాకా పెడితే తాలు.
"విప్పి చూపించు" అన్నాను.
నవ్వి, విప్పాడు.
ఏం చూడాలో తెలీక వాసన చూశాను.

అప్పుడు బల్ల కింద నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

చిన్నప్పుడు ఆటగా నేర్పాను దానికి,
తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పడం.
మా నాన్న కాలపు బేరం అది,
ఇప్పుడు యార్డులోనూ కంప్యూటరే పాడుతుంది పాట.
ఎన్ని వేళ్లు పడితే అంత. బొటనవేలు మడిస్తే వద్దు.
మర్చిపోయిందనుకున్నాను.
నా బొటనవేలు మడిచి పట్టుకుంది, గట్టిగా.
ముఖం మాత్రం ఫ్యాన్ల వైపే, ఏమీ ఎరగనట్టు.

ఆ తర్వాత బేరం దానిది.
లైట్లు వద్దంది. అద్దం డబ్బా వద్దు, రేకుది చాలంది.
మానిటరెందుకు, మా టీవీ వెనక ఆ సందు ఉందంది.
అసలు కార్డే వద్దంది ఇప్పటికి,
"బొమ్మలు ప్రాసెసరే వేస్తుంది అంకుల్, కాస్త మెల్లగా.
కార్డు చోటు ఖాళీగా ఉంచండి,
పవర్ సప్లై మాత్రం పెద్దది వెయ్యండి."
అతను నా వైపు చూశాడు.
నేను కాటా ముల్లు నిలబడేదాకా చూసినట్టు
గోడ మీద క్యాలెండరు చూశాను.
బల్ల కింద మూడు వేళ్లు. ఆగి, నాలుగు.
"ముప్పై నాలుగు" అన్నాను పైకి, పెద్ద లెక్కే వేసినవాడిలా.
ముప్పై నాలుగున్నరకి తెగింది.

డబ్బా మా ఇద్దరి మధ్య కూర్చుని వచ్చింది ఇంటికి.
మూడు వంతెనల కింద నీళ్లు నిలిచి ఉంటే
కాళ్లు పైకెత్తమంది నన్ను, డబ్బా పైకెత్తుకుంది తను.

రాత్రి మంచు రోడ్డు మీద లారీ తోలుతోంది.
లోపల సరుకేంటని అడిగాను.
"అది ఎవరూ అడగరు నాన్నా."
ఎన్ని లారీలకి లెక్క రాశానో, ఒక్కదానికీ స్టీరింగు పట్టలేదు.
"నువ్వు తోలు" అని మౌసు నా చేతిలో పెట్టింది.
రెండు మలుపులు తిప్పి మూడోదాన్లో మంచులోకి దించేశాను.

మౌసు లాక్కుని, కాసేపయ్యాక కన్ను నలుపుకుంది.
అంతే, మంట.
నాలుగుసార్లు సబ్బు పెట్టినా
నా వేళ్లని వదలదు తేజ ఘాటు.
చల్లనీళ్లకి వాళ్లమ్మ పరిగెత్తింది.
మీరాబీ ఒక కన్ను మూసుకుని
కారే నీళ్లు భుజానికి తుడుచుకుంటూ
లారీ ఆపలేదు.